ఫ్యాన్ రెక్క మీది దుమ్ము

చిరంజీవి అమ్మణ్ణికి పెదనాయన ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. ఫ్యూజన్ రియాక్టర్‌లో వ్యాక్యూమ్ పోయి గాలి లోపలికి దూకితే అడుగున ఉన్న దుమ్ము ఎంత లేస్తుందో మోడల్ చేస్తున్నావు, లోపలి జాగాను ఇరవై లక్షల చిన్న గడులుగా (సెల్స్) కోసి మెష్ కూడా వేశావు. సంతోషం. ఆ మెష్‌ను కాసేపు పక్కన పెట్టి, ఏర్పేడు హాస్టల్లో నీ గది ఫ్యాన్ ఆపి చూడు. రోజంతా గాలిని కోస్తూ తిరిగే రెక్క మీదే దుమ్ము దట్టంగా పట్టి ఉంటుంది. అది ఎందుకు ఎగిరిపోలేదో ముందు ఆలోచించు.

మనది వేరుశనక్కాయల ఇల్లు. తూర్పారబట్టడం చూస్తూ పెరిగాం కాబట్టి తేలికైనది ఎగురుతుంది, బరువైనది నిలుస్తుంది అని బుర్రలో నాటుకుపోయింది. గోడకు అంటుకున్న దుమ్ము దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. అతుకు బలం రేణువు వ్యాసంతో పెరిగితే, గాలి తోపు ఇంచుమించు వ్యాసం వర్గంతో పెరుగుతుంది. అందుకే చిన్నదే మొండిది. నున్నటి గోడ మీద 10 మైక్రాన్ల టంగ్‌స్టన్ గుండును పెట్టి, అతుకు బలం తేల్చే జేకేఆర్ (జాన్సన్, కెండాల్, రాబర్ట్స్) సూత్రంతో లెక్క వెయ్యి. అతుకు దాని బరువుకు పదివేల రెట్లకు మించి వస్తుంది.

నేను ఒకప్పుడు బోల్తా పడింది ఇక్కడే. ఆ నున్నటి గోడ అంకెనే పెట్టి రన్ చేస్తే ఒక్క రేణువూ కదల్లేదు. కోడ్‌లో తప్పుందని మూడు వారాలు నిద్ర మానుకుని వెతికాను. కోడ్ బాగానే ఉంది, గోడే తప్పు. అసలు గోడ గరుకుగా ఉంటుంది. రేణువు రెండు మూడు మొనల మీద ఆనుకుంటుంది కాబట్టి అతుకు పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు తగ్గిపోతుంది, అదీ ఒక్కో రేణువుకు ఒక్కోలా. అందుకని ఒకే అంకె ఇవ్వకు, ఎక్కువ రేణువులకు చిన్న అంకెలు, కొన్నిటికి చాలా పెద్దవి వచ్చే లాగ్-నార్మల్ పంపిణీ ఇవ్వు. రీక్స్, హాల్ 2001లో ఇచ్చిన రాక్ ఎన్ రోల్ మోడల్‌తో మొదలుపెట్టు. బండను ఎవరూ నిలువునా ఎత్తరు కదా, గడ్డపార వేసి దొర్లిస్తారు. రేణువు కూడా అలాగే ఊగి, దొర్లి వదులుతుంది.

గాలి ఎంత లోపలికి వస్తుందన్నది మాత్రం కాగితం మీదే తేలుతుంది. లోపలి పీడనం బయటి దానిలో 0.528 వంతుకు చేరేదాకా రంధ్రం దగ్గర గాలి ధ్వని వేగంతోనే వస్తుంది, పరిమాణం మారదు. ఒక చదరపు సెంటీమీటరు రంధ్రానికి సెకనుకు 24 గ్రాములు మించదు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఫ్యూజన్ రియాక్టర్ ఇటర్ పాత్ర లోపలి జాగా దాదాపు 1400 ఘనపు మీటర్లు. వీటితో పీడనం గీత గీస్తే మొదటి భాగం ఇంచుమించు సరళరేఖ అవుతుంది. నీ సాఫ్ట్‌వేర్ గీత దానితో కలవనంత వరకు దుమ్ము జోలికి పోకు.

కలిశాక అసలు చిక్కు మొదలవుతుంది. జెట్ వేగం చూస్తే భయమేస్తుంది గానీ, ఆ మొదటి క్షణాల్లో గాలి మరీ పల్చన. 100 పాస్కళ్ల దగ్గర గాలి అణువు మరొకదాన్ని గుద్దుకునే లోపు దాదాపు 70 మైక్రాన్లు పోతుంది, నీ రేణువేమో పది. మామూలు డ్రాగ్ సూత్రం అక్కడ తోపును ఎక్కువ చేసి చూపిస్తుంది కాబట్టి పల్చటి గాలికి వాడే కన్నింగ్‌హామ్ దిద్దుబాటు పెట్టు. గైడ్‌కు వేగం రంగుల బొమ్మలు చూపించి మురిసిపోకు, సాంద్రతను వేగం వర్గంతో గుణించి ఆ బొమ్మ చూపించు.

పోల్చుకోవడానికి రోమ్ టోర్ వెర్గాటా యూనివర్సిటీ వాళ్ల స్టార్‌డస్ట్ ట్యాంక్ ప్రయోగాలు ఉన్నాయి, వ్యాక్యూమ్ ట్యాంకులోకి గాలి వదిలి దుమ్ము లేవడం చూసేవి. సెకనుకు 100, 300 పాస్కళ్ల చొప్పున పీడనం పెంచి చూశారు. బెరీలియం రన్‌లు ఇప్పుడే వద్దు. ఇటర్ లోపలి గోడకు బెరీలియం బదులు టంగ్‌స్టన్ వేస్తామని 2023లోనే చెప్పారు. వైవాలో "ఎంత దుమ్ముకు భయపడాలి" అని తప్పకుండా అడుగుతారు. ఇటర్ పెట్టుకున్న హద్దు ఒక టన్ను, ఆ దుమ్ములో రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం కూడా ఉంటుంది.

రేణువుల సైజు కొలిచే చిక్కులు తెలియాలంటే గాదంకి ఎన్‌ఏఆర్‌ఎల్‌లో (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) ఏరోసాల్, అంటే గాలిలో తేలే రేణువుల మీద పని చేసేవాళ్లను అడుగు. వాళ్లది ఆకాశంలో దుమ్మే అయినా నీకు పనికొచ్చే మాటలు దొరుకుతాయి. ఎలాగూ చిత్తూరు దారే కాబట్టి అటునుంచి అటే ఇంటికి రా. ల్యాప్‌టాప్ వద్దు, చేత్తో గీసిన పీడనం గీత తీసుకురా. మీ పెద్దమ్మ ఉగ్గాని చేస్తానంటోంది.

పెదనాయన