దీవి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవుల్లో పెద్దది, అమెరికా మిలటరీ బేస్ ఉన్న డీగో గార్సియా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అందులో అమెరికా ఉంది, బ్రిటన్ ఉంది, చైనా ఓడలున్నాయి. ఆ దీవిలో పుట్టి పెరిగినవాళ్లు మాత్రం ఎక్కడా కనపడలేదు. చాగోస్ జనం అక్కడ కొబ్బరి తోటల్లో తరతరాలుగా బతికారు. బ్రిటిష్ అధికారులేమో కాగితాల్లో వాళ్లను తాత్కాలిక కూలీలుగా రాసుకున్నారు. అక్కడ స్థిరంగా ఉండేవాళ్లే లేరంటే ఐక్యరాజ్యసమితికి జవాబు చెప్పే బాధ తప్పుతుంది కదా! 'నిర్జన దీవి' అన్న నీ మాట ముందు కొట్టెయ్.

'వ్యూహాత్మక ప్రాధాన్యం' అన్నచోట అంకెలు పెట్టు. స్వాతంత్ర్యం ఇవ్వకముందే, 1965లో, మారిషస్ నుంచి ఈ దీవుల్ని విడదీసి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది బ్రిటన్. బేస్ కోసం దీవి ఇచ్చినందుకు ఆ బ్రిటన్‌కు అమెరికా, తాను అమ్మిన పొలారిస్ అణు క్షిపణుల లెక్కలో కోటీ 40 లక్షల డాలర్లు రహస్యంగా తగ్గించింది. ఇంత బేరం జరిగితే మర్యాదైన పేరెందుకు?

1971లో, బేస్ కోసం దీవిలోని మనుషుల్ని పంపించేస్తూ వాళ్ల కుక్కల్ని చంపారు. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలోకి తోలి, మిలటరీ బండ్ల పొగ లోపలికి వదిలారు. మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇది రాసేటప్పుడు ఒక్క విశేషణం కూడా వాడకు. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు.

ఈ దీవుల మీద నడిచిన కోర్టు సంగతులు క్లుప్తంగా చాలు. 2025 మేలో దీవుల్ని మారిషస్‌కు తిరిగి ఇస్తామని బ్రిటన్ సంతకం చేసినా, బేస్ మాత్రం 99 ఏళ్ల లీజు మీద అక్కడే ఉంటుందన్నది వదలకు.

మారిషస్‌దే అయిన అగలెగా దీవిలో మన దేశం పెద్ద రన్‌వే, జెట్టీ కట్టింది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. మిలటరీ బేస్ కాదని రెండు ప్రభుత్వాలూ అంటున్నాయి. అక్కడున్నది దాదాపు 300 మంది. జబ్బు చేస్తే విమానం దిగాలి, వాళ్లకది అవసరమే. అదీ రాయి. కానీ వాళ్లనెవరు అడిగారన్న ప్రశ్న, మన దేశం కదా అని మింగెయ్యకు.

మన కోరంగి రేవులో ఓడెక్కి చెరుకు తోటలకు వెళ్లినవాళ్ల వారసులు మారిషస్‌లో ఇప్పటికీ ఉగాది చేసుకుంటారు. ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాషే వాళ్లు ఇంట్లో మాట్లాడేది, చాగోస్ వాళ్లదీ అలాంటి భాషే. వాళ్లలో ఒకరిని పట్టుకుని, చాగోస్ పెద్దావిడ ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడించమను. ఆమెను అమెరికా గురించి అడగొద్దు. ఇంటి ముందు ఏ చెట్టుండేదో అడుగు. అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టి రాసి పంపు.

మీ అన్నయ్య