సామాజికాభివృద్ధి కోర్సులో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మేనత్త ఆశీస్సులు.

సామాజికాభివృద్ధి, వనరుల నిర్వహణ కోర్సులో నీకు సీటు వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాను. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నదాన్ని కనుక, తరగతులు మొదలయ్యేలోపు ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. ఈ చదువులో మనుషుల గురించిన పేపర్లు కొన్ని, నీరు, నేల, అడవుల గురించిన పేపర్లు కొన్ని ఉంటాయి. చాలామంది విద్యార్థులు తమకు తేలికనిపించిన వైపు మొగ్గి, రెండోదాన్ని పరీక్ష గట్టెక్కడానికి మాత్రమే చదువుతారు. నీవు అలా చేయవద్దు.

నేను చేసిన పొరపాటు అదే. మొదటి ప్రాజెక్టులో ఒక ఊరి బావుల నీటిమట్టాన్ని మూడు నెలల పాటు కొలిచి, గ్రాఫులతో రిపోర్టు తయారుచేశాను. అంకెల్లో ఏ తప్పూ లేదు. దాన్ని ఊరివారికి చదివి వినిపించిన రోజున వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "ఆ బావికి సాయంత్రం తాళం వేస్తారమ్మా, మేము పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది" అన్నది. నేను రోజూ ఉదయం తొమ్మిది గంటలకే వెళ్లి కొలిచేదాన్ని. ఆ తాళం ఒక్కసారైనా నా కంటపడలేదు.

మొదటి సంవత్సరంలోనే అమెరికా జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసం గురించి చెబుతారు. అందరికీ తెరిచి ఉన్న పచ్చికబయలులో ప్రతి కాపరీ తన లాభం కోసం ఇంకొక పశువును చేర్చుకుంటూ పోతే, చివరకు బయలే నాశనమవుతుందన్నది అందులోని వాదన. అది చదివి అక్కడే ఆగిపోకు. ఉమ్మడి వనరులను జనం స్వయంగా ఎలా కాపాడుకుంటున్నారో పరిశోధించి, 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్‌ను శ్రద్ధగా చదువు. ఆమె వివరించిన ఉదాహరణల్లో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామం ఒకటి. చలికాలంలో తాను మేపగలిగినన్ని ఆవులకు మించి ఎవరూ వేసవిలో కొండమీది ఉమ్మడి బయలుకు తోలకూడదని ఆ ఊరివారు 1517లోనే కట్టుబాటు చేసుకున్నారు. చలికాలపు మేత ఎంత పండుతుందన్నది నేలకు సంబంధించిన లెక్క, ఎవరి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయన్నది ఇరుగుపొరుగుకు తెలిసిన సంగతి. ఈ రెండూ కలిసినందువల్లే ఆ నియమాన్ని అమలు చేయడం సాధ్యమైంది. నీ కోర్సు మొత్తం నాకు ఈ ఒక్క నియమంలోనే కనిపిస్తుంది.

గణాంకశాస్త్రాన్నీ, సమాచారాన్ని కంప్యూటర్లో పటాల మీద చేర్చి చూపే జీఐఎస్‌నూ భయపడి తప్పించుకోవద్దు. ఆ పనిని మరొకరికి అప్పగిస్తే ఏది కొలవాలన్న నిర్ణయం కూడా వారి చేతికే పోతుంది. ఫీల్డ్ వర్క్‌లో జనం చేత నేలమీద సుద్దపొడితో ఊరి పటం గీయించేటప్పుడు ఆడవారి చేత, మగవారి చేత విడివిడిగా గీయించు. ఒకరి పటంలో ఉన్న దారి, చెలమ, కట్టెలు ఏరుకునే చోటు రెండోవారి పటంలో లేకపోతే, నీవు అడగవలసిన ప్రశ్న అక్కడే దొరుకుతుంది. విన్నది విన్నట్టుగా ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసుకో. మర్నాటికి మన మాటలు వారి మాటల్లో కలిసిపోతాయి.

ప్రాజెక్టు గడువు వేసుకునేటప్పుడు, రిపోర్టు సమర్పించే తేదీకి కనీసం రెండు వారాల ముందే ఊరికి తిరిగి వెళ్లి చదివి వినిపించే రోజును కూడా అందులో చేర్చు. ఆ సమావేశాన్ని పనికి వెళ్లేవారు ఇంటికి చేరిన తర్వాతే పెట్టు.

ఇట్లు,
మేనత్త