కెమెరా ప్రశ్నలు – జవాబులు: స్టూడియోలో నెగ్గిన బాడీ స్టేజీ దగ్గర ఎందుకు తడబడుతుంది?

ప్రశ్న: పోర్ట్రెయిట్లు తీస్తాను, బొటీకులకు చీరల షూట్లు చేస్తాను. ఈమధ్య మ్యూజికల్ నైట్ల పనులూ వస్తున్నాయి. ఇన్నాళ్లూ పాత డీఎస్ఎల్ఆర్‌తో నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఒక్క బాడీ (లెన్సు లేకుండా కెమెరా) కొనగలను. మూడింటికీ పనికొచ్చేది ఏది? షాపులో మెగాపిక్సెళ్లు ఎక్కువున్నదే తీసుకోమంటున్నారు. – వరంగల్ పాఠకుడు

జవాబు: మీ మూడు పనుల్లో బాడీకి అసలు పరీక్ష మ్యూజికల్ నైటే. పోర్ట్రెయిట్‌లో లైటు మీ చేతిలో ఉంటుంది, ఎదుటి మనిషి మీరు చెప్పినచోట నిలబడతారు. ఇవాళ దొరికే దాదాపు ఏ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, పెద్ద సెన్సర్ అంటే బొమ్మను పట్టే చిప్ ఉన్న కెమెరా) అయినా కంటిని పట్టుకుని ఫోకస్ చేస్తుంది. స్టేజీ దగ్గర లైటు ఇంకొకరి చేతిలో ఉంటుంది. కాబట్టి ముందు అక్కడ నిలబడే బాడీలు ఏవో చూసుకుని, వాటిలో చీరలకూ ముఖాలకూ సరిపోయేది ఏరుకోండి.

స్టేజీకి చూడాల్సిన అంకె సెన్సర్‌ను పైనుంచి కిందిదాకా చదవడానికి పట్టే సమయం. కంపెనీలు దీన్ని డబ్బా మీద వేయవు. ఎలక్ట్రానిక్ షటర్‌లో, అంటే తెర కదలకుండా సెన్సర్‌ను చదువుతూ తీసేటప్పుడు, సోనీ ఏ7 ఫోర్‌కు సుమారు సెకనులో 15వ వంతు పడుతుంది. కెనాన్ ఆర్6 మార్క్ 2కు సుమారు 70వ వంతు, నికాన్ జెడ్6 త్రీకి సుమారు 100వ వంతు, జెడ్8కు సుమారు 270వ వంతు.

దీంతో మీకేం పని అంటారా? మన కరెంటు 50 హెర్ట్జ్. దానిమీద నేరుగా వెలిగే లైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. సెన్సర్‌ను చదవడానికి 15వ వంతు సెకను పడితే ఆలోపు లైటు ఆరేడుసార్లు ఊగుతుంది. ఫొటోలో అడ్డంగా ఆరేడు చారలు పడతాయి. జెడ్6 త్రీలో ఒక్కటి పడుతుంది. జెడ్8లో ఫ్రేము ఒకవైపు కాస్త చీకటిగా కనబడి ఊరుకోవచ్చు. మెకానికల్ షటర్ తెర కూడా సెకనులో 250వ వంతుకు అటూఇటూగా ఫ్రేమును దాటేస్తుంది కనుక దాదాపు జెడ్8తో సమానం. ఏ7 ఫోర్ చేతిలో ఉన్నవారు స్టేజీ ముందు ఎలక్ట్రానిక్ షటర్ జోలికి వెళ్లకుండా మెకానికల్‌లోనే తీయాలి. అప్పుడది మంచి బాడీయే.

చారలు కనబడగానే ముందు షటర్ 1/100కు తేండి. లైటు ఒక పూర్తి చుట్టు లోపలికి వస్తుంది కనుక చార పోతుంది. నిలబడి పాడేవారికి ఆ వేగం చాలు. డాన్సర్లకు చాలదు, చేతులు మసకబారతాయి. అప్పుడు 1/250 పెట్టి మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి. కెమెరా లైటు ఊపు పైకి వచ్చిన క్షణం కోసం ఆగి షటర్ వదులుతుంది. అందువల్ల బర్స్ట్ (వరసగా తీసే ఫొటోల) వేగం కొద్దిగా తగ్గుతుంది, కంగారుపడొద్దు.

అయితే ఈ యాంటీ ఫ్లికర్ పసిగట్టేది 100, 120 హెర్ట్జ్ ఊపులనే. స్టేజీ మీది ఎల్‌ఈడీ పార్‌లు (రంగుల స్టేజీ లైట్లు), వెనకున్న ఎల్‌ఈడీ వాల్ సెకనుకు వందలు, వేలసార్లు ఆరి వెలుగుతాయి. వాటికి కావాల్సింది హై ఫ్రీక్వెన్సీ యాంటీ ఫ్లికర్, అంటే షటర్ వేగాన్ని చాలా చిన్న మెట్లలో జరుపుకునే సౌకర్యం. ఉదాహరణకు లైటు 1000 హెర్ట్జ్‌దైతే 1/250లో సరిగ్గా 4 చుట్లు పడతాయి, చార రాదు. 1/320లో 3 చుట్లు దాటి కొంచెం మిగులుతుంది, ఆ మిగిలిందే చార. కెనాన్ ఆర్6 మార్క్ 2, నికాన్ జెడ్6 త్రీ, జెడ్8లో ఈ సౌకర్యం ఉంది. ఏ7 ఫోర్‌లోనూ వేరే పేరుతో ఉంది. సౌండ్ చెక్ సమయానికే వెళ్లి, వాల్ వెలగగానే నాలుగు ఫ్రేములు తీసి 100 శాతం జూమ్‌లో చూసుకుంటే రాత్రి తిప్పలు తప్పుతాయి.

చాలామంది ఫొటోలు చెడేది నాయిస్ (గరుకు) వల్ల కాదు, ఎరుపు, నీలం ఎల్‌ఈడీల వల్ల. గాయని ముఖం మీద నిండా ఎర్ర లైటు పడితే మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) బాగానే ఉందంటుంది. ఎరుపు చానెల్ మాత్రం ఎప్పుడో నిండిపోయి ముక్కు, బుగ్గలు ఒకే ముద్దగా మారతాయి. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఒక్కో రంగును విడిగా చూపేది) పెట్టుకోండి, రా (కెమెరా మార్చని ముడి ఫైలు) తీయండి, ముప్పావు స్టాపు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) తగ్గించి తీయండి. ఎఫ్2.8, 1/250, ఐఎస్ఓ 3200 నుంచి 6400 మధ్య మొదలుపెడితే చాలావరకు సర్దుకుంటుంది.

నా ఎంపిక: మూడు పనులూ సమానంగా ఉంటే ఆర్6 మార్క్ 2 లేదా జెడ్6 త్రీ. రెండూ 24 మెగాపిక్సెళ్లవే. చేతిలో ఏ కంపెనీ లెన్సులుంటే ఆ వైపు వెళ్లండి. ఒక తేడా గుర్తుంచుకోండి: ఆర్6 మార్క్ 2 ఎలక్ట్రానిక్ షటర్‌లో ఫ్లాష్ వెలగదు, ఫైళ్లు కూడా 12 బిట్‌కు దిగుతాయి (వెలుగునీడల మెట్లు తగ్గుతాయి). జెడ్6 త్రీకి ఎలక్ట్రానిక్‌లో ఫ్లాష్ 1/60 వరకే. అదీగాక, వేగంగా చదివే ఆ సెన్సర్ ఐఎస్ఓ 100లో నీడలు బాగా ఎత్తితే జెడ్6 టూ కంటే కాస్త ఎక్కువ గరుకు చూపిస్తుంది. నల్ల పట్టుచీర మడతలు పైకి తేవాలనుకునేవారికి అది తెలుస్తుంది, మిగతావారికి తెలియదు. చీరల పనే ఎక్కువైతే, డబ్బు సర్దుబాటు అయితే జెడ్8. దానిలో మెకానికల్ షటరే లేదు, అవసరమూ పడదు.

ప్రశ్న: 12x36 ఆల్బమ్ షీటు మీద ఒకే పోర్ట్రెయిట్ నిండుగా వేయమంటారు. 24 మెగాపిక్సెళ్లు చాలుతాయా? బొటీకు వాళ్లకు 45 కావాలా? – తెనాలి పాఠకుడు

జవాబు: లెక్క వేద్దాం. 24 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు. 36 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 167. జెడ్8లోని 8256 పిక్సెళ్లకు 229, 61 మెగాపిక్సెళ్ల సోనీ ఏ7ఆర్ 5కు 264 వస్తుంది. ఒడిలో పెట్టుకుని చూసే ఆల్బమ్‌లో ముఖానికి 167 ఇబ్బంది పెట్టదు, ఫోకస్ కంటిమీద పడి ఉంటే. 18 అంగుళాల సగం షీటుకైతే 333 వస్తుంది, ఇక మాటే లేదు.

చీర సంగతి వేరు. జరీ అంచు, నెట్ దుపట్టా దగ్గరగా కత్తిరించి చూపమంటారు కనుక 45 పనికొస్తుంది. కానీ అక్కడే ఇంకో చిక్కు ఉంది. నేత దారాల సందులు, పిక్సెళ్ల సందులు దగ్గర దగ్గరగా కలిస్తే బట్టమీద లేని రంగుల అలలు వస్తాయి. దాన్నే మోరే అంటారు. జెడ్8 సెన్సర్ ముందు లో పాస్ ఫిల్టర్ (సన్నని గీతలను కాస్త మెత్తబరిచే పొర) లేదు, ఆర్6 మార్క్ 2కు ఉంది. ఫిల్టర్ ఉన్నా పూర్తిగా తప్పదు, తగ్గుతుందంతే. తీస్తున్నప్పుడే 100 శాతంలో చూసి, అలలు కనబడితే ఒక అడుగు ముందుకో వెనక్కో జరగండి. కుదరకపోతే ఎఫ్13 దాకా మూస్తే అంచులు కాస్త మెత్తబడి అల పోతుంది. తర్వాత ఎడిటింగ్‌లో తీసేద్దామనుకుంటే జరీ మెరుపు కూడా దాంతోపాటే పోతుంది.

ఖర్చు బాడీతో ఆగదు. 24 మెగాపిక్సెల్ రా ఫైలు 25 నుంచి 30 ఎంబీ ఉంటే, 45ది 50 ఎంబీ దాటగలదు. 1500 ఫ్రేముల షూటుకు ఒకదానికి 45 జీబీ, ఇంకోదానికి 75 జీబీ పైన. దీన్ని రెండు డిస్కుల్లో దాచాలి కదా!

ప్రశ్న: ఎండలో మోడల్ వెనక మసక రావాలి, ముఖానికి ఫ్లాష్ పడాలి. 1/200 దాటితే ఫొటోలో నల్లపట్టీ వస్తోంది. బాడీ మారిస్తే పోతుందా? – కర్నూలు పాఠకుడు

జవాబు: మామూలు బాడీ మారిస్తే పోదు. వాటి సింక్ వేగం (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షటర్ వేగం) 1/200, 1/250 దగ్గరే ఆగుతుంది. నడి ఎండలో ఐఎస్ఓ 100, 1/200కు ఎఫ్11 అవుతుంది. ఎఫ్2.8కు రావాలంటే 4 స్టాపులు తగ్గాలి, అంటే లెన్సుకు 4 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) పెట్టుకోండి. హై స్పీడ్ సింక్‌తోనూ (ఫ్లాష్ గబగబా చాలాసార్లు వెలిగే పద్ధతితోనూ) పని జరుగుతుంది గానీ ఫ్లాష్ బలం నాలుగో వంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది. చిన్న ఫ్లాష్‌ను ముఖానికి బాగా దగ్గరగా తేవాల్సి వస్తుంది. సెన్సర్ అంతటినీ ఒకేసారి చదివే సోనీ ఏ9 త్రీ 1/80000 దాకా ఫ్లాష్‌తో కలుస్తుంది. కానీ దాని కనీస ఐఎస్ఓ 250. ఈ ఒక్క అవసరానికి దాన్ని కొనడం దోమను చంపడానికి ఫిరంగి తేవడమే.

ప్రశ్న: నా దగ్గర నికాన్ 85 ఎంఎం ఎఫ్1.8డి ఉంది. పాత లెన్సులను బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ (నికాన్ మిర్రర్‌లెస్) బాడీ మీద పనిచేస్తుందా? – విజయవాడ పాఠకురాలు

జవాబు: లెన్సు బిగుస్తుంది, ఎక్స్‌పోజర్ కుదురుతుంది, ఆటోఫోకస్ రాదు. డి లెన్సులను తిప్పే మోటారు బాడీలో ఉండేది. ఎఫ్‌టీజెడ్‌లో గానీ ఎఫ్‌టీజెడ్ టూలో గానీ అది లేదు. లోపల మోటారున్న 85 ఎఫ్1.8జి అయితే ఫోకస్ అవుతుంది. కెనాన్ ఈఎఫ్ లెన్సులకు ఈ గొడవ లేదు.

ప్రశ్న: ఈవెంట్లకు వాడిన మిర్రర్‌లెస్ బాడీ సెకండ్‌హ్యాండ్‌లో వస్తోంది. షటర్ కౌంట్ (షటర్ ఎన్నిసార్లు పడిందో చెప్పే లెక్క) తక్కువే. తీసుకోవచ్చా? – విశాఖ పాఠకుడు

జవాబు: ఈవెంట్ బాడీలో షటర్ కౌంట్ కంటే ముందు చూడాల్సింది లేజర్ దెబ్బ. మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్ వెలుగుతున్నంతసేపూ సెన్సర్ తెరిచే ఉంటుంది. డీజే లేజర్ కిరణం నేరుగా లెన్సులోకి వస్తే సెన్సర్ మీద చుక్కలో, నిలువు గీతో శాశ్వతంగా పడుతుంది. దానికి మందు సెన్సర్ మార్చడమే. లెన్సు తీసి బాడీ క్యాప్ బిగించి, ఐఎస్ఓ 1600లో ఒక ఫ్రేము, 10 సెకన్ల షటర్‌తో ఇంకో ఫ్రేము తీయండి. తర్వాత లెన్సు పెట్టి ఎఫ్16లో తెల్లగోడను తీయండి. అన్నిటినీ కంప్యూటర్‌లో 100 శాతంలో చూడండి. గోడ ఫొటోలో మెత్తటి మచ్చలు కనబడితే దుమ్ము, తుడిస్తే పోతుంది. రంగు గీతలు, ఒకేచోట వెలిగే చుక్కల గుంపు కనబడితే వదిలేయండి.

కౌంట్ తక్కువ అన్నదాన్నీ పూర్తిగా నమ్మకండి. చాలా బాడీల్లో అది మెకానికల్ షటర్‌నే లెక్కిస్తుంది. ఎలక్ట్రానిక్‌లో లక్షలు తీసినా కనబడదు. రెండు కార్డు స్లాట్లలోనూ రాసి చూడండి, హాట్ షూలో ఫ్లాష్ పెట్టి వెలిగించండి. అది జెడ్8 అయితే సీరియల్ నంబరును నికాన్ సైటులో సరిచూసుకోండి. 2023లో కొన్నింటికి పట్టీ కొక్కేలు, లెన్సు బిగింపు విషయంలో కంపెనీయే ఉచిత సర్వీసు ప్రకటించింది.

మీది సముద్రపు ఊరు కనుక బాడీతోపాటు డ్రై క్యాబినెట్ కూడా కొని, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి.