ఆకు కట్టే ముందు ఆ వాపేందో చూడాలె

వాపులు, కీళ్ళ నొప్పులు తగ్గించే నాటు మొక్కలు ఏవి, అవి నిజంగా పనిచేస్తాయా అని అడిగారు. పనిచేస్తాయి. మాది దేవరకొండ దగ్గర పల్లె. వావిలి, ఆముదపాకు, చింతాకు, పసుపు-సున్నం పట్టు, వీటితో తగ్గిన వాపులు చూస్తూనే పెరిగాను. అయితే నన్నడిగితే అంతకన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది: ఏ వాపుకు ఆకు కట్టాలి, ఏ వాపుకు కట్టొద్దు. అది తెలిసిన ముసలివాళ్ళు ఊళ్ళల్లో ఒక్కొక్కరే పోతున్నారు.

మా నాయనమ్మ సంగతి చెప్తాను. ఊళ్ళో ఎవరికి కాలు బెణికినా, బాలింతకు పెయ్యి నొప్పులున్నా మా ఇంటికే వచ్చేవాళ్ళు. పత్తి ఏరే రోజుల్లో ఒకనాడు మా పెద్దనాయిన వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఆమె పెద్దకొడుకే, పక్క వాడలో ఉంటాడు. "అవ్వా, కాళ్ళు వాసినయి, చెప్పులు పడ్తలేవు. ఇంత వావిలాకు ఉడకబెట్టి నీళ్ళు పొయ్యరాదే" అన్నాడు.

పొయ్యి మీద బోగాణి ఉంది, చెరువుకట్ట మీది నుంచి తెచ్చిన వావిలి రెమ్మలూ ఉన్నాయి. ఆమె వాటి జోలికి పోలేదు. ఆయన ముందు కూర్చొని, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి కొంచెంసేపు అట్లనే పట్టింది. వేలు తీస్తే గుంట పడింది, ఎంతకీ పూడలేదు. రెండో కాలూ అంతే.

"పొద్దున లేవంగనే మొఖం ఉబ్బుతుందా?"

"కండ్ల కింద ఉబ్బుతుంది."

"ఒంటికి మంచిగ పోతున్నవా?"

"తక్కువైంది."

"ఇది దెబ్బ వాపు కాదు, వాతం వాపు కాదు కొడకా, నీరు పట్టింది. నా ఆకుకు పోదు. రేపటిదాక ఆగకుండ్రి, నల్లగొండ పోండ్రి."

ఆయనకు కోపమొచ్చింది. "ఊరందరికీ పోస్తవు, నాకు పొయ్యవా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. నా దిక్కు చూసి "బండి తియ్" అంది.

దవాఖానలో రక్త పరీక్ష చేస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. మోకాళ్ళ నొప్పికని ఏళ్ళ తరబడి చీటీ లేకుండా కొని మింగిన గోళీలే చేటు చేశాయని డాక్టరు చెప్పాడు. నొప్పి గోళీలు మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా ఆపుతాయి. వాపూ మంటా వాటి వల్లే, కాబట్టి నొప్పి తగ్గుతుంది. కానీ కిడ్నీకి రక్తం సరిగ్గా అందాలన్నా అవే కావాలి. ఆ గోళీల్లో ఒకటైన డైక్లోఫెనాక్‌ను పశువులకు ఇస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. అందుకే 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషులేమో బస్టాండు దగ్గర షాపుల్లో చాక్లెట్లలా కొనుక్కుంటున్నారు. పాలమూరు నుంచి మేస్త్రీ పనులకు, మట్టి పనులకు వలసపోయేవాళ్ళు రోజు కూలి పోవద్దని వీటి మీదే బతుకు ఈడుస్తున్నారు. నాకు కడుపు మండేది అక్కడే.

అంతకన్నా చెడ్డవి పేరూ లేబులూ లేని "మూలికల పొడి" పొట్లాలు. రెండు పూటల్లో మోకాళ్ళ నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిపారని అనుమానించండి. ఏ ఆకూ అంత తొందరగా పనిచేయదు.

ఇక మొక్కలు. నా లెక్కలో మొదటిది వావిలి. అయిదేసి ఆకులు చేతివేళ్ళలా విచ్చుకొని ఉంటాయి, నలిపితే ఘాటు వాసన. వాగు ఒడ్డున, చెరువుకట్ట మీద పెరుగుతుంది. దాని సారం ఎలుకల పాదాల వాపును తగ్గించిందని ప్రయోగాలున్నాయి. నాకు మాత్రం మా ఇంటి అనుభవమే చాలు. ఆకు ఉడికించిన నీళ్ళతో కాపడం, లేదా వెచ్చచేసిన ఆకు మూట. తాజాగా బెణికిన కాలికి ఆ రోజే వేడి పెట్టొద్దు, వాపు పెరుగుతుంది. మొదట చల్లని తడిగుడ్డ చుట్టి, కాలు ఎత్తులో పెట్టాలి.

ఆముదం రాసి, ఆముదపాకు వెచ్చచేసి కట్టడం పాత మోకాళ్ళ నొప్పికి మంచిది. గింజలు మాత్రం నమలొద్దు, వాటిలో రిసిన్ అనే విషం ఉంటుంది. ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ చెలకల నిండా ఆముదాలే. ఇప్పుడు ఎటు చూసినా పత్తి. ఇంట్లో దంచి వండిన ఆముదం అడిగితే పిల్లలు వింతగా చూస్తున్నారు.

పసుపు పైపూతకు సరే. పాలల్లో చిటికెడు వేసుకుంటే కీళ్ళు బాగవుతాయని మాత్రం నేను నమ్మను. పసుపులో వాపు తగ్గిస్తుందని చెప్పే పదార్థం కుర్క్యుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్ళు అటూ ఇటూ, అందులోనూ పేగులు పట్టుకునేది బహు తక్కువ. జిల్లేడు పాలు కంటికి తగలనీయొద్దు. నల్లజీడితో మడమకు వాత పెట్టించుకొని బొబ్బలతో దవాఖాన పాలైనవాళ్ళను చూశాను, దాని దగ్గరికే పోవద్దు. తిప్పతీగ కషాయం తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. నా మాట: పైన కట్టుకునేది కట్టుకోండి, మింగేది మాత్రం డాక్టరును అడిగే మింగండి.

మా నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్ళకు ఇంకో మాట. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట ఏళ్ళుగా బోరు నీళ్ళు తాగినవాళ్ళకు కీళ్ళు బిగుసుకుపోవడం ఆకుతో పోయేది కాదు. అది ఇంకా ముదరకుండా కాపాడేది మంచినీళ్ళే. మోకాలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం వచ్చినా, దెబ్బ తగిలిన కాలు మీద బరువు మోపలేకపోయినా ఆకు కోసం వెతుకుతూ పొద్దు పోగొట్టొద్దు.

పెద్దనాయినకు ఇప్పుడు నొప్పి గోళీలు బంద్. మోకాళ్ళు నొస్తే వావిలి కాపడమే దిక్కు, దానితోనే మంచిగ నడుస్తున్నాడు. కట్ట వెడల్పు చేసినప్పుడు జేసీబీతో వావిలి పొదలన్నీ పీకేశారు. అంతకుముందే మేము కొమ్మలు తెచ్చి పెరట్లో నాటుకున్నాం. వానాకాలంలో ముదురు కొమ్మ నాటితే సులువుగా బతుకుతుంది. దేవరకొండ వైపు వాళ్ళకు కావాలంటే కింద రాయండి, ఇస్తాను.