పెద్దదానికి తగ్గించి, చిన్నోడికి కుక్కి

అనంతపురం

అమ్మీ లక్ష్మీ,

వారంవారం పిల్లలను తూకమేసి, పెద్దది లావైందని తిండి తగ్గించి, చిన్నోడు పీలగున్నాడని వాడికి ఎట్లైనా ఎక్కువ పెడతానన్నావంట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ శ్రద్ధకు సంతోషమే గానీ, ఆ పద్ధతి వింటే గుండె ఝల్లుమంది.

తూకం చిన్నోడికి నెలకోసారి చాలు, ఎత్తు కూడా చూపించు. ఎత్తుకు తగ్గ బరువుందా అన్నదే లెక్క.

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి దాదాపు తొమ్మిదికొస్తాడు. రెండో ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే మనిండ్లలో "పీలగైపోయినాడు" అని మొదలు. ఒకరు చేతులు పట్టుకోవడం, ఒకరు నోట్లో కుక్కడం. కరువులు చూసిన సీమ మనది, బొద్దుగా ఉంటేనే బిడ్డ జబ్బుకు తట్టుకుంటాడని అవ్వలు భయపడినారు. వాళ్లను తప్పుపట్టను. కానీ కుక్కిన ముద్ద బుగ్గలోనే ఉంటుంది, మింగడు. రేపటికి గిన్నె చూస్తేనే ఏడుస్తాడు. పోనీ పాలైనా తాగనీ అని సీసా ఇస్తావు. రోజుకు అరలీటరు దాటితే కడుపు పాలతోనే నిండి సంగటి, పప్పు లోపలికి పోవు. పాలలో ఇనుము ఉండేది నామమాత్రం. రక్తం తగ్గుతుంది, దాంతో ఉన్న ఆకలీ చస్తుంది. నువ్వేమో ఇంకా కుక్కుతావు.

మూడు పూటలు బువ్వ, నడుమ రెండుసార్లు చిరుతిండి. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నీ ఇష్టం. ఎంత తినాలో వాడిష్టం. నిమ్మకాయంత సంగటి ముద్ద, పప్పు, చెంచా నెయ్యి పెట్టు. అడిగితే ఇంకో ముద్ద. మూతి తిప్పితే గిన్నె తీసెయ్, ఫోన్ చూపించొద్దు. చెనిక్కాయలు పొడి చేసే పెట్టు, గింజ గొంతుకు అడ్డం పడుతుంది.

ఇక పెద్దది. తమ్ముడి గిన్నెలో నెయ్యేసి తన తట్టలో వేయకుంటే ఆ పిల్లకు తెలీదా? దాచిన బెల్లం మీదే దాని మనసుంటుంది, నువ్వు లేనప్పుడు ఆకలి లేకున్నా తింటుంది. చిప్సు, కూల్‌డ్రింకులు ఇంటికే తేవొద్దు, ఎవరికీ. పండగనాడు ఓళిగ ఇద్దరికీ పెట్టు. సాయంత్రం గంటసేపు ఆడనీ. "లావు" అనే మాట దాని ముందర అనొద్దమ్మా, బంగారంలాంటి పిల్ల.

చిన్నోడి బరువు వరసగా రెండు నెలలు తగ్గినా, పెద్దదానికి మెడ వెనక నల్లబడినా, నిద్రలో గురక వచ్చినా డాక్టరుకు చూపించు.

వాడిని వాడి చేత్తోనే తిననీ. సగం కింద పోస్తాడు, పోయనీ. కింద చాప పరుచు.

మీ పెద్దమ్మ