పాత పాట వింటే కన్నీళ్లొస్తున్నాయి.. ఇది డిప్రెషనా?

ప్రశ్న: నా వయసు 44. మాది అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు మారతహళ్లిలో. తిరుపతి హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు క్యాసెట్లలో విన్న పాటలు కారులో వస్తే గొంతు పూడుకుపోతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కాసేపటికి తేలిగ్గానే ఉంటుంది. మా అబ్బాయి పెట్టే కొత్త పాటలు మాత్రం ఒక్కటీ మనసుకు ఎక్కవు. డిప్రెషనేమో, చూపించుకోమని మా ఆవిడ అంటోంది. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బులా అనిపించడం లేదు. ఆ పాటలు మీ జీవితంలోకి వచ్చిన వయసే దీనికి అసలు కారణం.

నడివయసు దాటినవారిని బాగా గుర్తున్న సంగతులు చెప్పమంటే, ఎక్కువగా పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే చెబుతారు. ఇల్లు వదిలి వెళ్లడం, ప్రాణస్నేహాలు, పరీక్షల భయం, తొలి ప్రేమ అన్నీ అప్పుడే కదా! ఆ వయసులో మెదడులో భావోద్వేగాల భాగాలు మహా చురుగ్గా ఉంటాయి. వాటికి పగ్గం వేసే ముందు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది. అందుకే అప్పటి సంతోషమైనా దిగులైనా గాఢంగా ముద్రపడుతుంది, ఆ రోజుల్లో మోగిన పాట దానితోపాటే ఉండిపోతుంది. పైగా ఉన్న నాలుగు క్యాసెట్లనే మీరు అరిగిపోయేదాకా విని ఉంటారు.

పీటర్ జనాటా అనే అమెరికన్ శాస్త్రవేత్త 2009లో విద్యార్థులకు వారి చిన్నప్పటి పాటలు వినిపిస్తూ మెదడు స్కాన్ తీశారు. సొంత జ్ఞాపకాన్ని తట్టిలేపిన పాటలకు నుదుటి వెనక ఉండే భాగం ఎక్కువగా స్పందించింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీవారు 2011లో గమనించిన విషయం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. బాగా నచ్చిన సంగీతం వింటున్నప్పుడు మెదడులో ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదల, ఒళ్లు పులకరించే ఘట్టం రాకముందే, దానికోసం ఎదురుచూస్తున్నప్పుడే మొదలైంది. పల్లవికి ముందు వచ్చే వయొలిన్ బిట్‌కే మీ గొంతు పూడుకుపోతుందంటే, తర్వాత వచ్చేదేమిటో మీ మెదడుకు తెలుసు కాబట్టే. మీ అబ్బాయి పాటలో ఏం వస్తుందో మీకింకా తెలియదు. అంతేగానీ ఆ పాటలో పస లేదని కాదు, మీ మనసు మొద్దుబారిందనీ కాదు.

బెంగళూరు సంగతి కూడా ఆలోచించండి. ఆఫీసులో ఇంగ్లిష్, బయట కన్నడ, ఇంటికొస్తే పిల్లల చదువులు. ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆ గంటే బహుశా మీకు ఒంటరిగా దొరికే సమయం. అప్పుడు కన్నీళ్లొస్తే రానివ్వండి.

మీ ఆవిడ ఆందోళనను మాత్రం తేలిగ్గా తీసేయకండి. డిప్రెషన్‌లో తరచుగా కనిపించేది ఇష్టమైనవేవీ సంతోషం ఇవ్వకపోవడం. ఆ పాత పాటలు కూడా చప్పగా అనిపిస్తున్నాయని మీరు రాసి ఉంటే నేను ఎక్కువ కంగారుపడేవాణ్ణి. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, దాంతోపాటు నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, పాట విన్నాక గంటల తరబడి అదే బాధలో ఉండిపోతున్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇక కొత్త పాటల గురించి. అమెరికాలో 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇరవై ఏళ్ల యువతకు తమ తరం పాటలతోపాటు అమ్మానాన్నల యవ్వనకాలపు పాటలతోనూ గట్టి అనుబంధం కనిపించింది. ఇంట్లో వింటూ పెరగడమే ఇందుకు కారణం కావచ్చు. కాబట్టి అబ్బాయి ముందు మీ పాటలు పెట్టడానికి మొహమాటపడకండి. అతని పాటల్లోంచి కూడా ఒకటి ఎంచమనండి. వారం రోజులు అదే పాట, అబ్బాయి పక్కన ఉన్నప్పుడే వినండి. ఒక్కసారి విని పక్కన పెట్టేస్తే ఏ పాటా దగ్గర కాదు. వారం తర్వాత కూడా నచ్చకపోతే ఇంకోటి ఎంచమనండి. నెలకు ఒకటి మనసుకు ఎక్కినా చాలు.