బల్ల సర్దకుండా పడుకో

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా చెవిలోనే ఉంది. "పెద్దమ్మా, నాలో ఏదో ఎండిపోయింది. బొమ్మ వేద్దామని కూర్చుంటే ఏమీ తోచట్లేదు. కూర్చోడానికి టైమూ లేదనుకో" అన్నావు. జవాబు చెప్పేలోపు నీ క్యాబ్ వచ్చేసింది. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు, క్యాబ్‌లో చదివినా సరే.

ముందు ఆ ఎండిపోవడం సంగతి. ఈ చెన్నైలో పొద్దున వేళచ్చేరిలో బయల్దేరి షోళింగనల్లూరు చేరడం, తొమ్మిది గంటలు తెర ముందు కూర్చోవడం, ఇంటికొచ్చి వంట, గిన్నెలు. దీన్ని మా రోజుల్లో అలసట అనేవాళ్ళం. నిద్ర చాలని మనిషికి రవివర్మ వచ్చి పక్కన కూర్చున్నా ఏమీ తోచదు. రాత్రి పదకొండింటికి కాగితం ముందేసుకుని తెల్లమొహం వేసి, మళ్ళీ దానికి ఏడవడం ఎందుకు? ఆ గంట పడుకో. నేను చెప్పేదంతా పొద్దుటి పూట గురించే.

మీ అన్నయ్య పుట్టాక ఆరేళ్ళు నేను బ్రష్ ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే గది లేదనేదాన్ని. వెస్ట్ మాంబళంలో రెండు గదుల ఇంట్లో అత్తగారితో కలిపి ఐదుగురం, అబద్ధమేం కాదు. ఒకరోజు సెలవు పెట్టి మరీ బొమ్మ వేద్దామని కూర్చున్నాను. బీరువా మీంచి అట్ట దించాను, పాత పేపర్లు పరిచాను, నీళ్ళకి గ్లాసు, తుడవడానికి గుడ్డ, ఎక్కడో పడున్న సన్న బ్రష్ కోసం మూడు సొరుగులు వెతికాను. గడియారం చూస్తే అరగంట అయింది. ఇంకా ఒక్క గీత పడలేదు. మళ్ళీ అంతా ఎత్తిపెట్టడానికి ఇంకో పావుగంట. అప్పుడు తెలిసింది నాకు, రోజూ దొరికే ఆ అరగంట ఎక్కడ పోతోందో.

మర్నాడే కిటికీ పక్క గూట్లో డబ్బాలు తీసేసి అది నా జాగా అన్నాను. మీ పెదనాన్న పచ్చళ్ళ జాడీలు ఎక్కడ పెట్టాలని రెండు రోజులు సణిగారు. అంచు పగిలిన తెల్ల పీంగాణీ ప్లేటు ఒకటుంటే దాని చుట్టూ ట్యూబు రంగులు పిండి ఆరనిచ్చాను. నీటిరంగుల్లో ఉండేది బంకే కదా, ఆరినా తడి బ్రష్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. ప్లేటు కడగనక్కర్లేదు, మూత పెట్టనక్కర్లేదు. అట్ట మీద కాగితం, పక్కన నీళ్ళు. పాలు పొయ్యి మీద పెట్టి అవి పొంగేలోపు కూడా ఏదో ఒకటి వేసేదాన్ని. రెండుసార్లు పాలు పొంగిపోయాయి కూడా.

ఇప్పుడు అసలు కిటుకు. బొమ్మ పూర్తిచేసి లేవకు. బుద్ధిమంతురాలిలా అన్నీ సర్ది పడుకున్నావా, పొద్దున్నే తెల్ల కాగితం ఎదురొచ్చి "ఏం వేస్తావ్?" అంటుంది. పిల్లి ఎదురొచ్చినట్టే. నేనొకసారి మైలాపూర్ కోనేటి మెట్లు వేస్తున్నాను. నీడ రంగు కలిపి, నాలుగు మెట్లకి వేసి, ఇంకో మూడు మెట్లు వేయకుండా వదిలేశాను. అదీ చేతకాక కాదు, చిన్నపిల్ల కూడా వేయగలదు. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూనే ఆ మూడు మెట్లు కళ్ళలో పడ్డాయి. బ్రష్ ముంచాను, అంతే. ఆ మూడు మెట్లకి పట్టింది ఐదు నిమిషాలు. అప్పటికి చెయ్యి వేడెక్కింది కదా, గోపురం దాకా వెళ్ళిపోయాను. ఎప్పుడూ సులువైన ముక్కే మర్నాటికి మిగుల్చుకో. కష్టమైంది మిగిల్చావంటే పొద్దున్నే దాన్ని చూసి దుప్పటి మళ్ళీ కప్పుకుంటావు.

కాగితం గురించి ఒక మాట. నువ్వు కొన్న ఖరీదైన షీట్లు ఏడాదిగా చుట్ట విప్పలేదని మీ అమ్మ చెప్పింది. భయం, అంతే. మంచి కాగితం పాడవుతుందేమోనని. పూర్తి షీటు 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉంటుంది. మడిచి, మడత మీద గోరుతో గట్టిగా రుద్ది, స్టీలు స్కేలు ఆనించి చింపెయ్. సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. ఎనిమిది ముక్కలొస్తాయి, ఒక్కోటి ఏడున్నర, పదకొండు. ముక్కలకి మనిషి భయపడదు. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు 300 గ్రాములుండే మందపు కాగితమైతే, ఆ సైజులో ముడతలు పడకుండా ముందే తడిపి సాగదీసే పనీ పెద్దగా ఉండదు, నాలుగు మూలలా టేపు వేస్తే చాలు.

మన ఊరి వాతావరణం కూడా లెక్కలో పెట్టుకో. నవంబరులో వాన పట్టిందంటే వేసిన వాష్, అదే పల్చటి రంగు పూత, ఫ్యాను కింద పెట్టినా ఆరదు, పై రంగు వేస్తే కింది రంగుతో కలిసి బురదవుతుంది. ఆ నెల పెన్సిలూ ఇంకూ పట్టుకో. మే నెలలో బ్రష్ అటు చివరికి వెళ్ళేలోపు ఇటు చివర ఆరిపోయి గట్టు కడుతుంది. అప్పుడు ఆరు గంటలకే కూర్చోవాలి. కొన్ని వారాలు చెయ్యి ఆడలేదంటే ప్రతిసారీ లోపం నీదే కాదు. అన్నట్టు, వేసినవి అట్టడుగు సొరుగులో పెట్టకు. 2015 డిసెంబరులో మా వీధిలోకి నీళ్ళొచ్చినప్పుడు ఫ్రేము కట్టించినవి గోడ మీద బాగానే ఉన్నాయి. కింది సొరుగులో పద్నాలుగేళ్ళ స్కెచ్ పుస్తకాలు గుజ్జయిపోయాయి. నేను ఏడ్చింది వాటికోసమే.

ఇక ఏం వేయాలన్నది. ఫోన్లో ఎవరెవరో వేసే బొమ్మలు రోజూ గంటసేపు చూస్తున్నావట. ముప్పై సెకన్లలో బొమ్మ పూర్తయిపోతుంది కదా అందులో, చూసి చూసి నీ చెయ్యి నీకే బరువనిపిస్తుంది. ఆ గంటలో సగం నాకివ్వు. ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి శిల్పాల గది ఉంది. కృష్ణ ఒడ్డు నుంచి మద్రాసు చేరిన మన రాళ్ళు, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి వాటిలో చాలా ఉన్నాయి. అక్కడ గుండ్రటి పలక ఒకటుంది, బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి ఏనుగుది. ఒకే చక్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి జనాన్ని తొక్కుతూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు, అచ్చం రంగనాథన్ స్ట్రీట్‌లో గొడవైతే చూసినట్టు.

ముప్పై ఏళ్ళుగా ఆ రాయి దగ్గరికి వెళ్తున్నాను. మొదట్లో పలకంతా వేద్దామని దిగి, రెండు గంటలు తంటాలుపడి, మొహం వేలాడేసుకుని వచ్చాను. తర్వాత తొండం ఒక్కటే వేశాను. ఇంకోసారి కిటికీలో ఒక్క తల. ఏడో ఎనిమిదోసారికి గానీ భయంతో వెనక్కి ఒరిగిన ఆడమనిషి నా కళ్ళకి ఆనలేదు, అన్నాళ్ళూ అక్కడే ఉన్నా. కొత్త విషయం కోసం ఊరంతా తిరగకు. ఒక్కటి పట్టుకుని ఇరవైసార్లు వెయ్. మీ బాల్కనీలో ఆరేసిన బట్టలైనా సరే.

ఉద్యోగం మానేస్తే బాగుండునని కూడా అన్నావు. మానెయ్యకు. ఇంజంబాకంలో చోళమండలం కళాకారుల గ్రామం ఉంది చూడు, చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారి పూనికతో 1966లో మొదలైంది. అక్కడి కళాకారులు మైనం పూసి రంగులద్దే బాతిక్ గుడ్డలు వేసి, అవి అమ్మి పొట్టపోసుకుంటూ మిగతా వేళల్లో తమ బొమ్మలు వేసుకున్నారు. అంతటి వాళ్ళకే తప్పలేదు. నీకు ఒకటో తారీఖున జీతం పడుతోంది, కోబాల్టు నీలం ట్యూబు ధర చూసి వెనక్కి పెట్టాల్సిన అవసరం లేదు. అదేం చిన్న విషయం కాదమ్మా.

శంకర్ గారి సంగతి చెప్పనా? చందమామలో బేతాళుణ్ణి భుజానేసుకున్న విక్రమార్కుణ్ణి వేసిన ఆయన. ఎగ్మోరు దగ్గరి ఆర్ట్ స్కూల్లోనే చదివి, దాదాపు అరవై ఏళ్ళు అదే పత్రికకి వేశారు. నెలనెలా అదే రాజు, అదే శవం, అదే శ్మశానం. ఆయనకి ప్రతినెలా మూడ్ వచ్చి ఉంటుందంటావా? నాకైతే నమ్మకం లేదు. నెల వచ్చేది. అచ్చుకి వెళ్ళాలి, పిల్లలు ఎదురుచూస్తుంటారు.

నీకోసం అలా ఎదురుచూసేవాళ్ళు లేరు కాబట్టి ఆ పని నేను పెట్టుకుంటున్నాను. ఈ కవర్లో పది పోస్టు కార్డులున్నాయి, యాభై పైసలవి. అన్నిటిమీదా మా అడ్రసు రాసేశాను. వారానికొకటి, ఆదివారం పొద్దున ఏదైనా గీసి డబ్బాలో పడెయ్. కాగితం పల్చన, నీళ్ళెక్కువ పోస్తే ముడుచుకుంటుంది. పెన్సిలో పెన్నో చాలు. బాగుందా లేదా అని నేను చెప్పను, నువ్వు అడగొద్దు. కార్డు రాకపోతే మాత్రం బుధవారం రాత్రి ఫోన్ చేస్తాను, అదీ మీ అమ్మకి.

వచ్చే శనివారం పదింటికి ఎగ్మోరు స్టేషన్ బయట ఉంటాను. శుక్రవారాలు మ్యూజియం మూసేస్తారు, అందుకే శనివారం. 2బి పెన్సిల్, పాత నోట్‌బుక్ ఏదైనా తెచ్చుకో, కొత్తది కొనకు. పులిహోర నేను తెస్తాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ